పాపకి పేరు: ఎక్కడైనా చెల్లేదా, మనదా?

వేళచ్చేరి అమ్మ:
నమస్కారం అండీ. మాకు పాప పుట్టింది. ఉండేది చెన్నైలో, సొంతూరు నెల్లూరు. మా అత్తగారు మేఘన అని పెట్టమంటున్నారు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్యేమో కియారా అంటున్నాడు. ఏ దేశం వెళ్లినా అందరికీ నోరు తిరుగుతుందట, పైగా సంస్కృతంలో కాంతి అని అర్థమట. తమిళంలో ‘ఘ’కి అక్షరం లేదు, మేఘన ఇక్కడ మేగనా అవుతుంది, అమెరికాలో మేగన్ అవుతుంది అని వాడి వాదన. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. మీరేమంటారు?

పెరంబూర్ పెద్దాయన:
అమ్మా, మీ అత్తగారి మాట వినండి. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. మా ఇంటి ఆడపిల్లల పేర్లన్నీ స్కూల్లో మారినవే. భార్గవిని పార్గవి అన్నారు, శ్రుతిని స్రుతి చేశారు. ఇంట్లో మాత్రం సరిగ్గానే పిలుచుకున్నాం, ఇప్పుడు ఆ పిల్లలు తమ పేరు తామే దిద్ది చెబుతున్నారు. ఎదుటివాళ్లకి నోరు తిరగదని మన పేరు వదులుకుని పరాయి పేరు తెచ్చుకోవడం నాకు నచ్చదు.

ఓఎంఆర్ అబ్బాయి:
బాబాయ్ గారూ, ఆ దిద్దే పని జన్మంతా చేయాల్సింది ఆ అమ్మాయే కదా. మా చెల్లికి ఇక్కడి పద్ధతిలో ఇంటిపేరు లేకుండా నాన్నగారి ఇనిషియల్ పెట్టారు. పాస్‌పోర్ట్‌కి ఆ ఇనిషియల్ విప్పి రాయాల్సి వచ్చింది. ఇప్పుడు జర్మనీలో ఆఫీసువాళ్లు దాన్ని నాన్నగారి పేరుతోనే పిలుస్తారు. అందుకే అంటున్నాను, తార, మాయ, మీరా లాంటివి పెడితే ఇక్కడా చెల్లుతాయి, అక్కడా చెల్లుతాయి.

అన్నానగర్ పుస్తకాలు:
తమ్ముడూ, మీ చెల్లెలి ఇబ్బంది ఇనిషియల్‌తో వచ్చింది. తార అని పెట్టినా అదే జరిగేది.

ముందు కియారా సంగతి. అది సంస్కృతం కాదు. ఇటలీ పేరు. లాటిన్ క్లారా అక్కడ కియారా అయింది, ఫ్రాన్స్‌లో క్లేర్ అయింది. అర్థం వెలుగుగలది అని. ఐర్లాండ్‌లో దానికి దగ్గరగా వినబడే కీరా అనే పేరుంది, దాని మూలానికి నలుపు అని అర్థం. పిల్లల పేర్ల వెబ్‌సైట్లు ఇవేవీ చూడకుండా ప్రతి పేరుకీ ‘సంస్కృతం’ అని తగిలించేస్తున్నాయి. నాకు కోపం వచ్చేది అక్కడే. ఇటలీ పేరు నచ్చిందా, ఇటలీ పేరనే చెప్పి పెట్టుకోండి. రేపు పాప అడిగితే తల్లి నోట నిజం రావాలి.

మాయ, మీరా అనే పేర్లు ఇక్కడా అక్కడా వినడానికి ఒకటే, పుట్టుక వేరు. హీబ్రూలో మాయ నీళ్లకు సంబంధించిన పేరు. గ్రీకు పురాణాల్లో హెర్మీస్ అనే దేవుడి తల్లి పేరు కూడా మాయా. రష్యన్ లాంటి స్లావిక్ భాషల్లో మీరా అంటే శాంతితో ముడిపడ్డ పేరు. తార కథ వేరు. మన తార, లాటిన్ స్టెల్లా ఒకే మూలం నుంచి వచ్చాయని భాషావేత్తలు చెబుతారు. మన ఊళ్లో 1947లో మొదలైన స్టెల్లా మారిస్ కాలేజీ పేరుకి అర్థం సముద్ర తార.

ఇక మేఘన. ‘ఘ’ పోతే పేరు పాడవుతుందని భయమెందుకు? ఇండోనేషియాకి 2001 నుంచి 2004 దాకా అధ్యక్షురాలిగా ఉన్నావిడ మేగవతి సుకర్ణోపుత్రి. మేఘవతి, సుకర్ణో పుత్రి! అక్కడ కూడా ‘ఘ’ లేదు, మేఘం మేగమైంది. మన సీతమ్మ జావాలో సింతా, థాయిలాండ్‌లో సీదా. మన ఊళ్లలో లక్ష్మి లచ్చమ్మ కాలేదా? అమెరికాలో వినబడే మేగన్‌కి మాత్రం మేఘంతో సంబంధం లేదు. అది వేల్స్ వాళ్లు మార్గరెట్‌ని ముద్దుగా పిలుచుకున్న పేరు. మార్గరెట్ అంటే గ్రీకులో ముత్యం.

శాంథోమ్ చెల్లి:
ముత్యం అంటే ముత్యాలమ్మే కదా అన్నయ్యా! మా మేనత్త పేరు మార్గరెట్, పక్కింటి పెద్దమ్మ పేరు ముత్యాలమ్మ. ఈ సంగతి ఇవాళే వాళ్లిద్దరికీ చెబుతాను.

పెద్దాయన గారూ, ‘పరాయి పేరు’ అన్నమాట నన్ను కాస్త బాధపెట్టింది. మేం తెలుగు క్రైస్తవులం. హీబ్రూ మిర్యామ్ గ్రీకు మీదుగా మా బైబిల్లో మరియ అయింది, ఇంట్లో మరియమ్మ అయింది. ముస్లిం ఇళ్లలో అదే మర్యమ్. ఎలీషెవా తెలుగులో ఎలీసబెతు, స్పెయిన్‌లో ఇసబెల్, కేరళలో ఏలియమ్మ. మా అమ్మమ్మ ఆరోగ్యమ్మ. వేళాంకణ్ణి ఆరోగ్య మాత పేరు ఆమెకి పెట్టారు. ఆమె తెలుగు తప్ప ఇంకో భాష ఎరగదు. ఆమె పేరు ఎవరికి పరాయిది?

పెరంబూర్ పెద్దాయన:
తల్లీ, మీ ఇంటి పేర్లని నేను పరాయివి అనను. తరతరాలు పిలుచుకున్న పేరు మనదే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పిలుచుకునేవాళ్లు ఇంట్లో ఒక్కరూ లేకుండా, విమానాశ్రయంలో సులువని తెచ్చే పేరు వేరు. అక్కడ నా మాట మారదు.

ఓఎంఆర్ అబ్బాయి:
నా మాటా మారదు బాబాయ్ గారూ. సులువు చూసుకోవడం తప్పు కాదు. అయితే కియారా బదులు తార అని నా ఓటు.

వేళచ్చేరి అమ్మ:
అందరికీ థ్యాంక్స్ అండీ. కియారా పక్కన పెట్టేశాం, అది సంస్కృతమన్న మాట ఎవరో అల్లిందని తెలిశాక మా ఆయనకి మనసొప్పలేదు. మేఘన, తార మిగిలాయి. ఆసుపత్రివాళ్లు పేరు కోసం తొందరపెడుతున్నారు.

అన్నానగర్ పుస్తకాలు:
తొందరపడకండమ్మా. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు రాయకుండానే జననం నమోదు చేయించవచ్చు. ఏడాదిలోపు చేర్పిస్తే రుసుం లేదు. మేఘన ఖాయమైతే ఇంగ్లీషులో జీ పక్కన హెచ్ రాయించండి, తర్వాత ప్రతి కాగితంలోనూ అదే స్పెల్లింగ్ ఉంచండి. ఇనిషియల్ వద్దు, మీ ఇంటిపేరు పూర్తిగా రాయించండి.