రుసుము వద్దంటున్న ప్రకటనల ఏజెన్సీకి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది?

గూడెం_వస్త్రాలయం:

సభ్యులందరికీ నమస్కారం. తాడేపల్లిగూడెంలో మాకు బట్టల దుకాణం ఉంది. ఆషాఢం తగ్గింపులకూ దసరాకూ మా బాబాయిగారు పత్రిక స్థానిక ప్రతినిధికి కబురు పెట్టి జిల్లా పేజీల్లో ప్రకటన వేయించేవారు. డిజైన్ కూడా ఆ ప్రతినిధే చేయించి తెచ్చేవారు. ఇప్పుడు ఏలూరులో రెండో శాఖ తెరుస్తున్నామని తెలిసి విజయవాడ ఏజెన్సీ ఒకటి మమ్మల్ని కలిసింది. పత్రికలు, టీవీ, హోర్డింగులు, ఫోన్లలో వచ్చే ప్రకటనలు అన్నీ తామే చూసుకుంటామనీ, కమిషన్ పత్రికే ఇస్తుంది కాబట్టి మేము వేరే రుసుము ఇవ్వనక్కర లేదనీ చెప్పారు. డబ్బు పెట్టేది మేమైనప్పుడు వారికి పత్రిక కమిషన్ ఎందుకు ఇస్తుంది? అసలు ఈ రంగంలో ఎవరు ఎవరి తరఫున పనిచేస్తారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

ప్రకటనల_విభాగం:

మీకు వారు చెప్పింది అబద్ధం కాదు, అయితే అంతటితో పూర్తి కాలేదు. 1840ల్లో ఫిలడెల్ఫియాలో వోల్నీ పామర్ ఈ వ్యాపారం మొదలుపెట్టినప్పుడు ఆయన చేసిన పని ప్రకటనలు రాయడం కాదు. పత్రికల్లోని స్థలాన్ని వ్యాపారులకు అమ్మిపెట్టి, బేరం తెచ్చినందుకు పత్రికల దగ్గరే కమిషన్ తీసుకోవడం. ప్రకటన రాసిపెట్టడం, బొమ్మ వేయించడం వంటివి తరువాతి కాలంలో ఏజెన్సీలు పోటీలో నిలబడడానికి చేర్చుకున్న సేవలు.

మన దేశంలో ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. పత్రికల యాజమాన్యాల సంఘమైన ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ గుర్తింపు ఉన్న ఏజెన్సీకి పత్రికలు ఇచ్చే కమిషన్ 15 శాతం. పదహారు సెంటీమీటర్ల వెడల్పు, పాతిక సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ప్రకటన 400 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. చదరపు సెంటీమీటరు 250 రూపాయలనుకుంటే, పన్నులు పక్కన పెట్టి, లక్ష రూపాయలు. ఏజెన్సీ మీ దగ్గర లక్ష వసూలు చేసి పత్రికకు 85 వేలు కడుతుంది. కొందరు 85 వేలే అసలు ధరగా చూపించి దానిపై 17.65 శాతం తమ రుసుము అని రాస్తారు; లెక్క వేసి చూస్తే అదీ 15 వేలే.

పత్రిక ఊరికే ఇవ్వదు. ఏ తేదీన, ఏ ఎడిషన్‌లో, ఏ పేజీలో, ఎంత సైజులో, ఏ ధరకు వేయాలో రాసిన రిలీజ్ ఆర్డర్ ఏజెన్సీ పేరు మీద వస్తుంది కాబట్టి, మీరు డబ్బు ఎగ్గొట్టినా పత్రికకు జవాబు చెప్పవలసింది ఏజెన్సీయే. వసూలు బెడద తప్పడమే పత్రికకు పెద్ద లాభమని, పత్రిక వైపు కూర్చున్నవాడిగా నా అభిప్రాయం.

ఇక అసలు మెలిక: మీ ఖర్చు పెరిగితే కమిషన్ కూడా పెరుగుతుంది కనుక, కమిషన్ మీద బతికే ఏజెన్సీ పావు పేజీ చాలని సలహా ఇవ్వడం అరుదు. పెద్ద కంపెనీలు చాలావరకు నెలవారీ రుసుముకు మారడానికి ఇదొక కారణం. మీ విషయంలో ముందుగా చూడవలసింది ఎడిషన్. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చాకనే ఊళ్లలోని దుకాణాలు రాష్ట్రమంతటి పాఠకులకు డబ్బు కట్టకుండా తమ జిల్లా వరకే ప్రకటన ఇచ్చుకోగలిగాయి. మీ రెండు దుకాణాలు ఇప్పుడు రెండు వేర్వేరు జిల్లాల్లో ఉన్నాయి. ఆ రెండింటికీ మించి ఏ ఎడిషన్ చూపించినా ఎందుకని అడగండి.

కాపీ_రచయిత:

పై సమాధానంలో డబ్బు సంగతి స్పష్టంగా ఉంది. ఏజెన్సీ లోపల మీతో మాట్లాడేది క్లయింట్ సర్వీసింగ్ వారు. మీరు చెప్పిన విషయాన్ని వారు బ్రీఫ్‌గా, అంటే ప్రకటన ఎవరికి చేరి ఏం సాధించాలో చెప్పే కాగితంగా రాసి ఇస్తే, దాన్ని పట్టుకుని మాటలు రాసే కాపీ రచయిత, బొమ్మ చూసుకునే ఆర్ట్ డైరెక్టర్ కలిసి ప్రకటన తయారుచేస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు వేయాలన్నది మీడియా ప్లానర్ పని. చిన్న ఏజెన్సీలో ఈ నలుగురి పనీ ఇద్దరే చేస్తుంటారు, అది తప్పేమీ కాదు. బ్రీఫ్ బలహీనంగా ఉంటేనే తంటా. ‘ఏలూరులో కొత్త శాఖ తెరిచాం’ అన్నది సమాచారమే తప్ప బ్రీఫ్ కాదు. ‘పెళ్లి పట్టుచీరలకు విజయవాడ బస్సెక్కే ఏలూరు కుటుంబాలను ఇక్కడే ఆపాలి’ అని రాసిస్తే హోర్డింగు ఏ రోడ్డులో ఉండాలో, ముహూర్తాలకు ఎన్ని వారాల ముందు ప్రకటన రావాలో దానంతట అదే తేలుతుంది. టీవీ ధర పది సెకన్ల చొప్పున ఉంటుంది. ప్రేక్షకుల లెక్క, టీవీ వీక్షణను కొలిచే బార్క్ అనే సంస్థ ఇచ్చే రేటింగుల మీద ఆధారపడుతుంది. రెండు పట్టణాల వ్యాపారానికి రాష్ట్రమంతా చూసే చానల్ నా దృష్టిలో వృథా ఖర్చు.

గూడెం_వస్త్రాలయం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫోన్లలో వచ్చే ప్రకటనలకు కూడా 15 శాతమేనా? మరో సంగతి, ‘70 శాతం వరకు తగ్గింపు’ అని పెద్ద అక్షరాలతో వేద్దామంటున్నారు.

డిజిటల్_గోదావరి:

అక్కడ ధరల పట్టిక ఉండదండీ, వేలం ఉంటుంది. ఎవరైనా గూగుల్‌లో ‘ఏలూరు పట్టుచీరలు’ అని వెతికిన ప్రతిసారీ క్షణంలో వేలం జరుగుతుంది. ఎక్కువ పాడినవారే గెలవాలని లేదు, ప్రకటనను జనం నొక్కే అవకాశమూ, నొక్కితే తెరుచుకునే పేజీ నాణ్యతా లెక్కలోకి వస్తాయి. ఏజెన్సీలు సాధారణంగా ఖర్చులో ఇంత శాతమనో నెలకు ఇంతనో తీసుకుంటాయి, కాబట్టి పత్రిక మాట ఇక్కడ వర్తించదు. ఖాతా మీ పేరున తెరిపించి వారికి నిర్వహించే అనుమతి మాత్రమే ఇవ్వండి. లేకపోతే ఏజెన్సీ మారిన రోజున పాత వివరాలన్నీ వారి దగ్గరే ఉండిపోతాయి.

తగ్గింపు విషయంలో జాగ్రత్త అవసరం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఆ చట్టం కింద వచ్చిన 2022 మార్గదర్శకాల ప్రకారం, తక్కువ ధర చూపి జనాన్ని రప్పించేటప్పుడు రాగల గిరాకీకి తగినంత సరుకు ఉండాలి. షరతులను కూడా ప్రకటన ఉన్న భాషలోనే రాయాలి. పైన తెలుగులో 70 శాతం అని వేసి, అడుగున చీమ తలకాయంత ఇంగ్లిషులో షరతులు పెడతామంటే ఒప్పుకోకండి.