మగ్గం చప్పుడు ఒక్కదానితోనే సంగీతం కూర్చడం ఎలా?

ప్రశ్న:
చేనేత మగ్గం చప్పుడును ఫోనులో రికార్డు చేసి, దానికి తబలా లయ జోడించి మిత్రులకు వినిపించాను. డాక్యుమెంటరీ నేపథ్యంలా బాగుందన్నారు. అంటే మగ్గం అలంకారంగానే మిగిలింది, సంగీతమంతా తబలాదే అయింది. వాద్యాల తోడు లేకుండా పరిసరాల ధ్వనులతోనే సంగీతం కూర్చేవారు ఎక్కడ మొదలుపెడతారో తెలిసినవారు చెప్పగలరా?

మొదటి సమాధానం:
ముందు తబలాను తీసివేయండి. ఫ్రెంచ్ రేడియోలో ఇంజినీరుగా పనిచేసిన పియెర్ షెఫేర్, 1948లో పారిస్‌లోని బాటిన్యోల్ స్టేషన్‌లో రైళ్ల శబ్దాలను రికార్డు చేసి, వాటితోనే ఒక చిన్న రచన కూర్చారు. అప్పటికి ఆయన పనిచేసినది టేపుతో కాదు, గ్రామఫోను రికార్డులతో. రికార్డు మీది గాడిని వలయంగా మూసివేస్తే ఒకే ముక్క ఆగకుండా తిరుగుతుంది; అలా పదే పదే విన్న చెవి, కొంతసేపటికి ఇది రైలన్న సంగతిని పక్కనపెట్టి, ఆ శబ్దంలోని గరుకుదనాన్నీ బరువునూ లయనూ పట్టించుకోవడం మొదలుపెడుతుంది. గంట మోతలో మొదటి దెబ్బను కత్తిరిస్తే మిగిలినది గంటలా వినిపించదని కూడా ఆయన గమనించారు. మీరూ పన్నె (నేసిన పోగును బిగించే దువ్వెనలాంటి భాగం) వచ్చి తాకే దెబ్బను, నాడె (పేక దారాన్ని అటూ ఇటూ మోసుకెళ్లేది) పరుగును విడివిడిగా తీసి, ఒక్కొక్కదాన్ని తిప్పి తిప్పి వినండి. మగ్గం లయ మనిషి కాళ్లూ చేతుల నుంచి పుట్టేది కనుక కచ్చితమైన తాళానికి కట్టుబడి ఉండదు. తబలా కప్పేసింది ఆ హెచ్చుతగ్గులనే.

రెండవ సమాధానం:
సూచన మంచిదే గానీ, మగ్గాన్ని మగ్గమని మరిచిపోవడం దేనికి? కెనడాలో మర్రీ షేఫర్ (పేరు దగ్గరగా ఉన్నా ఈయన వేరు) సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో ఏర్పరచిన బృందం, ధ్వనిని దాని చోటు నుంచి విడదీయకుండా వినాలని పట్టుబట్టింది. ఆ బృందంలో పనిచేసిన హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్, 1989లో వాంకూవర్ సముద్రతీరం మీద చేసిన రచనలో, రాళ్లను అంటుకుని బతికే బార్నకిల్ జీవుల సన్నని చిటపటలను వినిపిస్తూ, వెనుకనున్న నగరపు హోరును స్టూడియోలో ఫిల్టర్లతో తొలగించవచ్చని తన గొంతుతోనే చెప్పి, తొలగించి చూపుతారు. మీ రికార్డింగులో ఫ్యాను మోత, పక్కింటి టీవీ ఉంటే, వాటిని ఉంచాలా తీయాలా అన్న నిర్ణయం కూడా కూర్పులో భాగమే.

మూడవ సమాధానం:
ఇద్దరి మాటా పాటించాలన్నా ముందు రికార్డింగు సరిగా ఉండాలి. చాలా ఫోన్లు మాటలు స్పష్టంగా వినపడటం కోసం పెద్ద చప్పుడును అణచి, చిన్నదాన్ని పెంచుతాయి. దాంతో పన్నె దెబ్బకూ నాడె సవ్వడికీ తేడా చెరిగిపోతుంది. ఇలా చప్పుడు స్థాయిని తనంతట తానే సర్దే ఆటో గెయిన్‌ను, నేపథ్య శబ్దాన్ని తుడిచేసే నాయిస్ సప్రెషన్‌ను ఆపగలిగే యాప్ వాడండి. అది గుంట మగ్గమైతే ఒకసారి పన్నె దగ్గర, ఇంకొకసారి గుంటలో కాళ్ల దగ్గర మైకు పెట్టి చూడండి.