పిస్తా పెంకుల పువ్వులు ఊడిపోతున్నాయి, వాజు వాలిపోతోంది: ఎవరైనా చెప్పండి

నమస్తే అండి. చెల్లి గృహప్రవేశానికి ఇద్దామని పిస్తా పెంకులు, శాటిన్ రిబ్బను, క్రేప్ పేపరు ఆకులు కలిపి ఒక ఫ్లవర్ వాజు చేశాను. పన్నెండు పువ్వులు, పది రోజుల పని. పెంకులన్నీ మేం తిన్న ఉప్పు పిస్తావే, పారేయకుండా దాచాను. ఇప్పుడు చూస్తే మూడు పువ్వులకి పెంకులు ఊడుతున్నాయి, రిబ్బను అంచుల్లో దారాలు లేస్తున్నాయి, పైగా వాజు ఒక పక్కకి వాలి నిన్న టీవీ స్టాండు మీంచి పడబోయింది. లోపల థర్మాకోల్ ముక్క పెట్టాను, అంటించినదంతా గ్లూ గన్‌తోనే. ఆదివారమే ఫంక్షన్, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉప్పు పిస్తా అన్నారు చూడండి, అక్కడే ఉంది తిరకాసు. ఆ ఉప్పు పొర మీద గ్లూ నిలవదు. సర్ఫ్ నీళ్లలో అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో లోపలా బయటా రుద్ది, ఒకరోజు ఎండలో వేయాలి. ఊడినవే కాదు, మిగతా పువ్వుల్లోనూ ఒక్కో పెంకు వేలితో కదిపి చూడండి, కదిలినదల్లా తీసేయండి. మళ్లీ అంటించేటప్పుడు పెంకుల్ని తీగకే అంటించకండి. పాత జీన్స్ గుడ్డ రూపాయి బిళ్లంత కత్తిరించి, తీగ కొనని కొక్కెంలా వంచి గుడ్డలోంచి కిందికి లాగి, ఆ గుడ్డ మీద పెంకులు పేర్చండి. గ్లూకి పట్టు దొరుకుతుంది. రిబ్బను అంచుని కొవ్వొత్తి మంటకి పక్కనుంచి చూపించి వెంటనే తీసేస్తే పాలియెస్టర్ కరిగి దారాలు ఆగుతాయి. ముందు చిన్న ముక్క మీద చూసుకోండి, కాటనైతే భగ్గుమంటుంది.

థాంక్స్ అక్కా, పెంకులు నానబెట్టేశాను. మరి వాజు? ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసేయనా? పింగాణీది.

ఇంకొకరు: పోయకమ్మా. గట్టిపడేటప్పుడు అది కొద్దిగా ఉబ్బుతుంది, పింగాణీ పగలొచ్చు. థర్మాకోల్‌కి బరువెక్కడిది, అందుకే వాలుతోంది. కవర్లో ఇసుక మూటకట్టి అడుగున పెట్టి, దాని మీద థర్మాకోల్ బిగించండి. అది కదలకుండా ఫెవికాల్ చాలు. రబ్బరు సొల్యూషన్, స్ప్రే పెయింటు తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది, గ్లూ గన్ వేడికీ గుంటలు పడతాయి. పెంకుల పువ్వులు బరువు కాబట్టి కిందికి, రిబ్బను పువ్వులు పైకి. కాడలకి 18 గేజు తీగ, రేకులకి 26. నంబరు పెరిగితే తీగ సన్నబడుతుంది, షాపులో చాలామంది తికమకపడేది ఇక్కడే. కాడలకి పచ్చ ఫ్లోరల్ టేపు లాగి చుట్టండి, లాగితేనే అంటుకుంటుంది. కారులో తీసుకెళ్తే ఎండలో అద్దాలు మూసి వదిలేయకండి, గ్లూ మెత్తబడి పువ్వులన్నీ తలలు వాల్చేస్తాయి. నాకొకసారి అలాగే అయింది.

అయ్యో, చెల్లిది మూడో అంతస్తు, లిఫ్టు ఇంకా పెట్టలేదు. ఇసుక కూడా మోయాలా?

కొత్తిల్లు కదమ్మా, కిందే ఎక్కడో ఇసుక కుప్ప మిగిలి ఉంటుంది. ఖాళీ కవరు పట్టుకెళ్లండి చాలు.