3 బెడ్‌రూముల సామానుతో 2 బెడ్‌రూముల అద్దె ఇంటికి: ఏది తేవాలి, ఏది అక్కడే వదిలేయాలి?

ఉప్పుగాలి:

నమస్కారమండి. విశాఖ నుంచి హైదరాబాద్ మియాపూర్ మారుతున్నాం. ఆషాఢం రాకముందే పాలు పొంగించాలి, చేతిలో 12 రోజులే ఉన్నాయి. కొత్త ఫ్లాటు మూడో అంతస్తు, లిఫ్టు ఉంది. ప్రకటనలో 950 చదరపు అడుగులన్నారు. టేపు పెట్టి కొలిస్తే హాలు 11×20, పెద్ద గది 11×12 (వెస్ట్రన్ కమోడ్ ఉన్న బాత్రూము దీనికే ఉంది), చిన్న గది 10×11, వంటిల్లు 7×9, దాని పక్కన వాష్ ఏరియా 4×5. చిన్న గదిలో ఒక అటక ఉంది. గోడ అలమరాలు ఎక్కడా లేవు.

మేం ఐదుగురం: మేమిద్దరం, మా అత్తగారు (72 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు), ఈ ఏడు పదో తరగతికి వచ్చిన బాబు, ఐదో తరగతి పాప.

సామాను: 6×6.5 టేకు మంచం ఒకటి, 3×6.5 మంచాలు రెండు, స్టీలు బీరువాలు రెండు, 4 అడుగుల చెక్క వార్డ్‌రోబ్, ఎల్ ఆకారం సోఫా, ఆరు కుర్చీల డైనింగ్ బల్ల, డబుల్ డోర్ ఫ్రిజ్, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్, రెండు ఏసీలు, ఇన్వర్టర్, గ్రైండర్, కొత్తావకాయ జాడీలు నాలుగు, రెండు గ్యాస్ సిలిండర్లు. ఏవి తేవాలి, ఏవి అమ్మాలి? ఎవరికి ఏ గది ఇస్తే బాగుంటుంది?

టేపుకొలత:

గదుల కొలతలు ఇచ్చారు, సగం పని అయినట్టే. ముందు 950 మర్చిపోండి. అందులో మెట్లు, లిఫ్టు, కారిడారు, గోడల మందం అన్నీ కలిసుంటాయి. మీరిచ్చిన అంకెలకి బాత్రూములు, చిన్న బాల్కనీ కలిపినా మీ కాలు తిరిగే చోటు 640 దరిదాపుల్లో తేలుతుంది. సామాను లెక్క దాన్నిబట్టే వేసుకోవాలి.

ఇంకో కొలత తీయాలి. ప్రతి తలుపూ ఎటు తెరుచుకుంటుంది, తెరిస్తే ఎంత చోటు ఆక్రమిస్తుంది? చిన్న ఇంట్లో సామాను పట్టకపోవడం తక్కువ, పట్టాక తలుపు తెరుచుకోకపోవడం ఎక్కువ. మీ చిన్న గదే చూడండి. అడ్డం 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. టేకు మంచం 72, గోడ చెమ్మ పరుపుకి పట్టకుండా 4 అంగుళాల సందు. మిగిలేది 44. అక్కడ స్టీలు బీరువా పెడితే లోతు 20 పోను 24 అంగుళాలు ఉంటాయి. 3 అడుగుల బీరువా కాబట్టి ఒక్కో తలుపు 18, హాయిగా తెరుచుకుంటుంది. అదే చోట చెక్క వార్డ్‌రోబ్ పెట్టారనుకోండి, లోతు 24 పోను 20 మిగులుతాయి. దాని తలుపు 24. మంచానికి కొట్టుకుని సగంలో ఆగిపోతుంది. కాబట్టి వార్డ్‌రోబ్ అక్కడే అమ్మేయండి, రెండు బీరువాలూ తెచ్చుకోండి. మంచానికి సొరుగులుంటే అవి గోడవైపు పడకుండా చూసుకోండి. తాళాలు అందిన రోజే ఖాళీ గదిలో సుద్దముక్కతో మంచం, బీరువా గీసి, తలుపుల అర్ధచంద్రాలు కూడా గీయండి. తల ఉత్తరానికి రాకూడదు, బీరువా నైరుతిలోనే ఉండాలి అనే పట్టింపులుంటే ఆ గీతల దగ్గరే తేల్చుకోవాలి. కూలీలు బరువు ఎత్తి పట్టుకున్నాక కాదు.

గదుల సంగతికి వస్తే, పెద్ద గది అత్తగారికీ పాపకీ ఇవ్వండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రాత్రిపూట హాలు దాటి బాత్రూముకి వెళ్ళాల్సిన అవసరం రాకూడదు. అందరికంటే ఎక్కువగా ఆ కమోడ్ ఆవిడకే కావాలి. 12 అడుగుల గోడకి రెండు చిన్న మంచాలు, నడుమ 3 అడుగుల దారి పెడితే ఇంకా 3 అడుగులు మిగులుతాయి, రెండో బీరువా వెడల్పు సరిగ్గా అంతే. ఆవిడ మంచం బాత్రూము తలుపు వైపు ఉండాలి. పరుపుతో కలిపి ఎత్తు 18 నుంచి 20 అంగుళాలు ఉంటే లేవడం తేలిక, అంతకంటే తక్కువైతే కోళ్ళ కింద చెక్క దిమ్మలు వేయించండి. బాత్రూములో ఆసరా కడ్డీ మరలతో బిగించినదే పెట్టాలి. రబ్బరు కప్పులతో గోడకి అతుక్కునేవి తడికి ఊడి వస్తాయి, వాటిని నమ్మి బరువు వేయకూడదు.

బాబుకి 4×2 చదువు బల్ల చిన్న గదిలోనే, మీ మంచం కాళ్ళవైపు పడుతుంది. అక్కడ నాలుగున్నర అడుగులుంటుంది. రాత్రి పదకొండింటిదాకా అక్కడ చదివి హాల్లో పడుకోవచ్చు. రోజూ తీసి మడిచే బల్ల పదో తరగతి పిల్లాడికి పనికిరాదు. పుస్తకాలు సర్దడానికే అరగంట పోతుంది.

హాల్లోకి ఎల్ సోఫా వద్దు. దాని బదులు 2.5×6 దివాన్, కింద సామాను పెట్టుకునే పెట్టె ఉన్నది కొనండి. పగలు సోఫా, రాత్రి బాబు మంచం. డైనింగ్ బల్ల కూడా అమ్మేయొచ్చు.

బీరువా ఎక్కించే ముందు లిఫ్టు తలుపు ఎత్తు కొలవండి. బీరువా మామూలుగా 78 అంగుళాలు, చాలా లిఫ్టు తలుపులు దాదాపు అంతే ఉంటాయి. మర కాళ్ళుంటే విప్పితే నాలుగైదు అంగుళాలు తగ్గుతుంది. మెట్లమీద అయితే మలుపు దగ్గర నిలువుగా నిలబెట్టి తిప్పాలి, నలుగురు మనుషులు కావాలి. లోపల బట్టలు ఉంచి ఎత్తనివ్వకండి. బరువుకి చట్రం మెలిపడితే తర్వాత తాళం పడదు.

కరెంటుపని:

సామాను లెక్క పైన చెప్పారు, మెషీన్ల సంగతి నేను చెబుతాను. ఎక్కువ నష్టం జరిగేది వీటి దగ్గరే.

ఏసీ విప్పే మనిషి గ్యాస్‌ని ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి మూయాలి. ఏసీ కూలింగ్‌లో నడుస్తుండగా ముందు సన్న పైపు వాల్వు మూస్తాడు, గ్యాస్ అంతా చేరాక లావు పైపు వాల్వు మూసి వెంటనే స్విచ్ ఆపేస్తాడు. దగ్గరుండి ఇది చూడండి. నట్లు ఊరికే వదులు చేస్తే బుస్సుమని పోయేది మీ డబ్బే. విప్పిన రాగి పైపు కొసలకి టేపు చుట్టాలి, చెమ్మ పోతే కంప్రెసర్‌కి ముప్పు. కొత్త ఇంట్లో బిగించేటప్పుడు వ్యాక్యూమ్ పంపు 15-20 నిమిషాలు పెట్టమని పట్టుబట్టండి. కొంచెం గ్యాస్ వదిలి గాలి బయటికి తోసేయడం అడ్డదారి, చాలా కొత్త ఏసీల్లో ఉండే ఆర్32 మంటనందుకునే గ్యాస్ కాబట్టి అసలే చేయకూడదు.

ఫ్రంట్ లోడ్ మెషీన్‌కి కొన్నప్పుడు వెనకవైపు మూడో నాలుగో పొడుగాటి బోల్టులు ఇచ్చి ఉంటారు. అవి బిగించకుండా లారీ ఎక్కిస్తే డ్రమ్ము ఊగి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు దెబ్బతింటాయి. దిగాక విప్పకుండా నడిపితే ఇల్లంతా దడదడలాడుతుంది. కింద ఫిల్టరు దగ్గర నిలిచిన నీళ్ళు కూడా వంచేయండి. మీ 4×5 వాష్ ఏరియాలో మెషీన్ 24 అంగుళాలు, ముందు తలుపు 20 అంగుళాలు, మొత్తం 44, చోటు 48. ఇరుకే అయినా సరిపోతుంది. నీళ్ళు పోయే గొట్టాన్ని నేల జాలీలో పడేయకండి. రెండు మూడు అడుగుల ఎత్తులో వంపు పెట్టి కట్టాలి, లేకపోతే ఒకవైపు నింపుతుంటే ఇంకోవైపు నీళ్ళు జారిపోతూనే ఉంటాయి.

ఫ్రిజ్ నిలువుగానే రావాలి. పడుకోబెట్టాల్సి వస్తే నిలబెట్టి ఒక రోజు ఆగి ఆన్ చేయండి, కంప్రెసర్ నూనె గొట్టాల్లోంచి కిందికి దిగాలి. 7×9 వంటింట్లో దాన్ని ఇరికించకండి, హాల్లో వంటింటి గుమ్మం పక్కన పెట్టుకోండి.

మీరు చూడాల్సిన ముఖ్యమైనది ఇంకోటుంది. ఏసీలు రెండు, గీజరు, వాషింగ్ మెషీన్ అన్నిటికీ 16 ఆంపియర్ల పాయింట్లు ఉన్నాయా? ఒకటిన్నర టన్నుల ఏసీ ఒకటిన్నర కిలోవాట్లు, గీజరు రెండు కిలోవాట్లు లాగుతాయి. పాత కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ (ఒకేసారి వాడుకోవడానికి మంజూరైన కరెంటు) ఎంతుందో ఓనరుని అడిగి చూడండి. ఒక కిలోవాటే ఉంటే ఇవన్నీ పెట్టేముందే పెంచమనాలి. ఇన్వర్టర్ బ్యాటరీ యాభై కిలోల పైనే ఉంటుంది, యాసిడ్ ఉంటుంది కాబట్టి పక్కకి వంచకూడదు. మంచం కింద, మూసిన గదిలో పెట్టకూడదు, ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. అపార్ట్‌మెంట్ జనరేటర్ ఫ్లాటు లోపలికి కూడా ఇస్తున్నారంటే అసలు తేవద్దు.

జాడీమూత:

డైనింగ్ బల్ల దగ్గర టేపుకొలత గారితో నేను ఏకీభవించను. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ కింద కూర్చుని తినలేరు. కుర్చీలు రెండు అమ్మి బల్ల ఉంచుకోండి. 5×3 బల్ల పొడుగువైపు గోడకి ఆనిస్తే నాలుగు కుర్చీలతో ఐదున్నర అడుగుల లోతులో సరిపోతుంది. 7×9 వంటింట్లో కూరలు తరగడానికి కూడా చోటు చాలదు, ఆ పనీ ఈ బల్ల మీదే జరుగుతుంది. కింద గ్రైండర్‌ని చక్రాల పీట మీద పెట్టుకోవచ్చు.

ఆవకాయ జాడీలు లారీ ఎక్కించకండి, మీతో కారులో తెచ్చుకోండి. కుదుపుకి నూనె చింది ముక్క పైకి తేలితే అక్కడే బూజు పడుతుంది. పైన తేరిన నూనె పొడి సీసాలోకి వంపేసి, ముక్కని అదిమి, మూతి మీద మందం ప్లాస్టిక్ కాగితం వేసి, దాని పైన వాసెన గుడ్డ బిగించి కట్టండి. ఎత్తేటప్పుడు అడుగున రెండు చేతులూ పెట్టాలి, మెడ పట్టుకుంటే అంచు ఊడుతుంది. దిగాక నూనె తిరిగి పోసేయండి.

గ్యాస్ సంగతి. వేరే ఊరు కాబట్టి సిలిండర్లు తేకూడదు. పాత ఏజెన్సీలో రెండు సిలిండర్లు, రెగ్యులేటరు అప్పగించి కనెక్షన్ వదులుకున్నట్టు టర్మినేషన్ వోచర్ తీసుకోండి. మీరు అప్పట్లో కట్టిన డిపాజిట్ వెనక్కిస్తారు, పాత సబ్‌స్క్రిప్షన్ వోచర్ (కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన కాగితం) వెతికి పెట్టుకోండి. ఇక్కడి ఏజెన్సీలో ఆ టర్మినేషన్ వోచరు, అద్దె ఒప్పందం ఇచ్చి ఇప్పటి ధరకి డిపాజిట్ కట్టాలి. 2022 జూన్ నుంచి 14.2 కిలోల సిలిండరుకి 2,200, రెగ్యులేటరుకి 250. రబ్బరు గొట్టం మీద తేదీ చూడండి, ఐదేళ్ళు దాటితే కొత్తది వేయించుకోండి.

అక్కడ ఇచ్చేసిన రోజుకీ ఇక్కడ సిలిండరు వచ్చే రోజుకీ మధ్య ఇండక్షన్ పొయ్యే దిక్కు. దానికీ 16 ఆంపియర్ల పాయింటే కావాలి. పాలు పొంగించడానికి ఇత్తడి గిన్నె తీస్తారేమో, ఇండక్షన్ మీద ఇత్తడి వేడెక్కదు. అడుగుకి అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె ఒకటి చేతి సంచిలో విడిగా పెట్టుకోండి.

25 కిలోల బియ్యం బస్తా అలవాటు మానుకోండి, పదికిలోలది చాలు. ఇరుకు వంటింట్లో గాలాడక పురుగు తొందరగా పడుతుంది.

పాతకాగితం:

తాళాలు తీసుకున్న రోజే మీటరు రీడింగు ఫోటో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. ప్రతి గోడ, కమోడు, కుళాయి, కిటికీ అద్దం వీడియో తీసి అదీ పంపండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని నెల అద్దె పట్టుకోవడం హైదరాబాద్‌లో మామూలే, ఎంత పట్టుకుంటారో 11 నెలల ఒప్పందంలోనే రాయించండి. గోడలకి మేకులు, ఏసీ రంధ్రాలకి అనుమతి కూడా అందులోనే ఉండాలి.

బాబుకి టీసీతోపాటు ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లన్నీ తీసుకోండి. రేపు ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్ల దగ్గర ఏ రాష్ట్రానికి స్థానికుడో చదివిన ఏళ్ళనిబట్టే తేలుస్తారు. పదో తరగతిలో రాష్ట్రం మారితే ఆ లెక్క మీద ప్రభావం పడుతుంది, కొత్త బడిలో చేర్చే ముందే ఈ విషయం కనుక్కోండి.

ఉప్పుగాలి:

అందరికీ ధన్యవాదాలండి. బల్ల ఉంచుతున్నాం, సోఫా, వార్డ్‌రోబ్ అమ్మకానికి పెట్టేశాం. ఒక్క సందేహం: అత్తగారి ఇత్తడి బిందెలు, గంగాళం అటక మీద పెట్టొచ్చా? దేవుడి మందిరం గోడకి బిగించొచ్చా?

టేపుకొలత:

అటక పలక సన్నగా ఉంటుంది, బరువు గోడ మొదట్లోనే మోస్తుంది, అంచున కాదు. గంగాళం వెనక గోడకి ఆనించి, దాని లోపల పాత దుప్పట్లు సర్ది, ముందువైపు పరుపుల సంచులు, సూట్‌కేసుల్లాంటి తేలికవి పెట్టండి. నీళ్ళ బిందె ఒకటి వాడకంలో ఉంచి మిగతావి మంచం కింద. అటక ఏ గోడకి ఉందో చూడండి, అవతల బాత్రూము ఉంటే చెమ్మకి ఇత్తడి నల్లబడుతుంది, పాత చీర చుట్టి పెట్టాలి.

మందిరం చెక్కదైతే గోడకి వేలాడదీయకుండా హాల్లో ఈశాన్యం వైపు రెండున్నర అడుగుల ఎత్తు బల్ల మీద పెట్టండి. గదుల మధ్య గోడలు చాలా ఫ్లాట్లలో నాలుగున్నర అంగుళాలే, దీపం, విగ్రహాల బరువుతో ప్లాస్టరు వదిలేస్తుంది. బల్ల ఎత్తుంటే అత్తయ్యగారు కుర్చీలో కూర్చునే పూజ చేసుకోవచ్చు. కర్టెన్‌కి, దీపానికి మధ్య కనీసం రెండడుగులు ఉంచండి.