డీసీఎంకి కరెంటు ఫ్యాన్లు పెట్టొచ్చా? రిలే, థర్మో స్విచ్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

బత్తాయి బండి (నల్లగొండ)

అన్నలందరికీ నమస్తే. మాది 14 అడుగుల డీసీఎం లారీ, పాత బండే, 12 వోల్టులు, ఒక్కటే బ్యాటరీ, క్యాబిన్‌లో ఏసీ గీసీ ఏం లేదు. బత్తాయి సీజన్‌లో తోటల కాడి నుంచి బాటసింగారం మార్కెట్‌కి, కోతలప్పుడు ఐకేపీ సెంటర్ల నుంచి మిర్యాలగూడ మిల్లులకి వడ్లు తోలుతాం.

ఎండాకాలం వచ్చిందంటే టెంపరేచర్ ముల్లుతో టెన్షన్. హైవే మీద 50, 60లో పోతున్నంతసేపు ముల్లు సగం దాటదు. పంతంగి టోల్ దగ్గర లైన్‌లో ఇరుక్కున్నా, మిల్లు గేటు ముందు లోడు మీద అడుగడుగు జరుపుతున్నా మెల్లగా పైకి పాకుతుంది, ఎర్ర గీతకి కొంచెం కిందకి వచ్చేసరికి నేనే ఇంజన్ ఆపేస్తున్నా. ఆపితే వెనకోడు హారన్, స్టార్ట్ చేస్తే మళ్లీ ముల్లు.

మాకు తెలిసిన మేస్త్రీ ఇంజన్ ఫ్యాన్ మొత్తం తీసేసి ఆటోనగర్‌లో కార్ల సామాను దగ్గర రెండు కరెంటు ఫ్యాన్లు తెచ్చి పెట్టమంటున్నాడు, మైలేజీ కూడా పెరుగుతుందట. ఇంకో ఆయనేమో అదేం వద్దు, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వ్ పీకేస్తే చాలు అంటున్నాడు. ఎవరి మాట వినాలో అర్థం కావట్లేదు. ఫ్యాన్లు పెడితే ఎంత సైజువి, ఎన్ని డిగ్రీల వేడికి దానంతట అదే ఆన్ అయ్యే థర్మో స్విచ్ వేయాలి, మా డైనమో మోస్తుందా? పెట్టుకున్నవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.

షెడ్డు మనిషి (సూర్యాపేట)

తమ్మీ, ఫ్యాన్లు కొనే ముందు నువ్వు రాసినదాన్నే ఒకసారి చదువుకో, సగం జవాబు అందులోనే ఉంది. పరిగెత్తేటప్పుడు చల్లగా ఉండి నిలబడితే హీటెక్కుతోందంటే రేడియేటర్‌కి గాలి అందట్లేదని అర్థం. అదే హైవే మీద లోడుతో పోతుంటే హీటెక్కి, నిలబెడితే దిగిందనుకో, అప్పుడు రేడియేటర్ గొట్టాలు పూడిపోయాయనో వాటర్ పంపు తోయట్లేదనో అనుమానించాలి. మీది మొదటి రకం. కాబట్టి ముందు ఇంజన్ ఫ్యాన్ మీద చెయ్యి పెట్టు, అంటే ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాక.

మీ బండికి విస్కస్ ఫ్యాన్ ఉంటే, అంటే ఫ్యాన్ మధ్యలో గుండ్రటి అల్యూమినియం డబ్బా లాంటి కప్లింగ్ ఉంటే, దాని లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది. ముందు వైపు స్ప్రింగులా చుట్టిన రేకు ముక్క ఉంటుంది, రేడియేటర్‌లోంచి వచ్చే గాలి వేడెక్కితే అది తిరిగి లోపలి వాల్వ్ తెరుస్తుంది, ఆయిల్ పట్టుకుంటే ఫ్యాన్ ఇంజన్‌తో పాటు గట్టిగా తిరుగుతుంది. ఆ ఆయిల్ కారిపోతే ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది కానీ గాలి లాగదు. చల్లటి ఇంజన్ మీద చేత్తో రెక్క తిప్పితే కొంచెం బరువుగా కదిలి ఆగాలి. ఒక్క తోపుకి గిరగిరా రెండు మూడు చుట్లు తిరిగిందంటే కప్లింగ్ పోయినట్టే. దాని అంచున నల్లగా జిడ్డు పట్టి, ఆ జిడ్డుకి దుమ్ము అంటుకుని ఉందేమో కూడా చూడు. ఇంజన్ బాగా వేడి మీదున్నప్పుడు ఎక్సలేటర్ తొక్కితే ఫ్యాన్ గుయ్యిమని మోత రావాలి, మీకు ఆ మోత ఎప్పుడన్నా వినపడుతోందా?

రెండోది వడ్ల దుమ్ము. మిల్లుల చుట్టూ తిరిగే బండి రేడియేటర్ ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) ఉంటే దానికీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చ్ వేసి చూడు, ఊక, పొట్టు, పురుగులు అన్నీ కలిసి దుప్పటిలా పట్టి ఉంటాయి. నీళ్లు ఇంజన్ వైపు నుంచి ముందుకు కొట్టాలి. సర్వీసింగ్ వాళ్లు ప్రెషర్ గన్ దగ్గర పెట్టి ముందు నుంచి కొడతారు, దాంతో చెత్త ఇంకా లోపలికి పోతుంది, రేడియేటర్ రెక్కలు పడుకుంటాయి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తున్నారా? నల్లగొండ బోరు నీళ్ల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు, ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, ఉప్పు కూడా ఎక్కువే. లోపల తెల్లగా పక్కు కడితే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా వేడి బయటికి రాదు. మిషన్ భగీరథ నీళ్లు కూడా వద్దు, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ సగం సగం కలిపి పోయండి.

ఇక థర్మోస్టాట్ పీకమన్నాయన మాట అసలు వినొద్దు. చాలా ఇంజన్లలో అది తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే నీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరుగుతాయి. చలికాలం పొద్దున ఇంజన్ వేడెక్కక డీజిల్ తాగడం అదనం.

వైరింగ్ భాయ్ (జడ్చర్ల)

షెడ్డు అన్న చెప్పినవి ముందు చూసుకోండి, ఆ తర్వాత కూడా కరెంటు ఫ్యానే కావాలంటే వైరింగ్ నేను చెప్తా. మా దగ్గర పిక్అప్‌లకి, హార్వెస్టర్లకి పెడుతుంటాం. ఫ్యాన్ మంచిదే తెచ్చి వైరింగ్ మాత్రం హెడ్‌లైట్ వైరుతో లాగేసి పనిచేయట్లేదని వచ్చేవాళ్లే ఎక్కువ.

14, 16 అంగుళాల ఫ్యాన్ 12 వోల్టుల మీద నడుస్తుంటే 15 నుంచి 25 ఆంపియర్లు లాగుతుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి రెండింతలు మూడింతలు. అందుకే డ్యాష్‌బోర్డ్ స్విచ్‌తో నేరుగా నడపొద్దు, స్విచ్ కరిగి చేతికొస్తుంది. ఒక్కో ఫ్యాన్‌కి ఒక 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్ డబ్బా), ఒక ఫ్యూజు. రెండు ఫ్యాన్లకీ కలిపి ఒకటే రిలే వేస్తే అది పోయిన రోజు రెండూ ఆగుతాయి. బ్యాటరీ ప్లస్ నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు తీసుకుని, బ్యాటరీకి జానెడు దూరంలోనే 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి రిలే 30 నంబర్ కాలుకి ఇవ్వండి. 87 నుంచి ఫ్యాన్‌కి. 86కి తాళం వేస్తే (ఇగ్నిషన్ ఆన్ చేస్తే) వచ్చే కరెంటు, అదీ చిన్న ఫ్యూజు మీదుగా. 85 నుంచి థర్మో స్విచ్‌కి, స్విచ్ రెండో కాలు ఎర్త్‌కి. ఫ్యూజు ఫ్యాన్ దగ్గర పెట్టేవాళ్లున్నారు, మధ్యలో వైరు ఛాసిస్‌కి రాసుకుపోయి షార్ట్ అయితే ఆ ఫ్యూజు ఎందుకూ పనికిరాదు, బండి అంటుకుంటుంది.

ఎర్త్ కోసం ఎక్కడో రేకు స్క్రూకి కట్టొద్దు. పెయింటు గీకి ఛాసిస్‌కి బోల్టు వేయండి, లేదంటే వైరు ఖర్చనుకోకుండా బ్యాటరీ మైనస్ దాకా లాగండి. అయ్యాక ఫ్యాన్ తిరుగుతుండగా మీటర్ తీసుకుని బ్యాటరీ దగ్గర ఎంతుందో, ఫ్యాన్ కనెక్టర్ దగ్గర ఎంతుందో చూడండి. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో వైరు సన్నం, లేదా క్రింపింగ్ వదులు. ఆ జాయింటు చేత్తో తాకితే కాలుతుంటుంది, వెతకాల్సిన పని కూడా ఉండదు.

థర్మో స్విచ్ డిగ్రీలు అడిగారు కదా. ముందు మీ థర్మోస్టాట్ మీద నంబర్ చూడండి, 82 అని ఉందనుకుందాం. 92 దగ్గర ఆన్ అయ్యి 87 దగ్గర ఆగే స్విచ్ సరిపోతుంది. 80 స్విచ్ వేస్తే ఇంకా చల్లగా ఉంటుంది కదా అనుకుంటారు. ఇంజన్ పైన నీళ్లు ఎట్లాగూ 82కి దిగువకి రావు, అంటే తాళం వేసినంతసేపు ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. స్విచ్‌ని పై హోస్ మధ్యలో టీ పైపు పెట్టి బిగించండి, ఇంజన్ నుంచి బయటికొచ్చే వేడి అక్కడే సరిగ్గా తెలుస్తుంది. రేడియేటర్ రెక్కల్లో గుచ్చే పుల్ల రకం సెన్సార్లు నాకు నచ్చవు, కుదుపులకి బయటికి జారతాయి. ఇంకో మాట, నీళ్లు కారిపోయి ఆ స్విచ్ దగ్గర ఆవిరే మిగిలితే అది వేడిని సరిగ్గా పట్టదు, ఫ్యాన్ రావాల్సినప్పుడే రాదు. అందుకే 85 కాలు నుంచి ఇంకో వైరు డ్యాష్‌బోర్డ్ మీద చిన్న స్విచ్ ద్వారా ఎర్త్‌కి తెచ్చుకోండి, చేత్తో కూడా ఆన్ చేసుకోవచ్చు. 87 నుంచి ఒక చిన్న లైటు కూడా పెడితే రిలే పట్టిందో లేదో డ్రైవర్ సీట్లోంచే కనిపిస్తుంది.

ఫ్యాన్‌ని ప్లాస్టిక్ ట్యాగులతో రేడియేటర్ రెక్కల్లోంచి గుచ్చి కట్టొద్దు. లోడు బండి కుదుపుడికి అది గొట్టానికి రాసుకుని చిల్లు పడుతుంది. ఫ్రేమ్ చేయించండి. వెనక పెడితే రేకుతో ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ తొడుగు) కూడా కావాలి, లేదంటే ఫ్యాన్ ఎదురుగా ఉన్న గుండ్రటి చోటే గాలి లాగి మూలలు అట్లాగే ఉండిపోతాయి. అంతా అయ్యాక న్యూస్‌పేపర్ ఒక పేజీ రేడియేటర్ ముందు పెట్టండి. వెనక ఫ్యాన్ సరిగ్గా లాగుతుంటే పేపర్ చప్పున అతుక్కుని నాలుగు మూలలా నిలబడాలి. ఎగిరి మీ మొహం మీదకి వచ్చిందంటే ప్లస్ మైనస్ తారుమారు.

అచ్చంపేట డ్రైవర్

భయ్యా వాళ్లు చెప్పింది అంతా కరెక్టే, కానీ లోడు బండికి ఇంజన్ ఫ్యాన్ తీసేయమన్న మేస్త్రీని నేను ఒప్పుకోను. లెక్క చూడండి. 20 ఆంపియర్లు, 13.5 వోల్టులు, అంటే 270 వాట్లు. రెండు ఫ్యాన్లు కలిపినా 540 వాట్లు, ముప్పావు హార్స్‌పవర్ కూడా లేదు. మీ ఇంజన్ ఫ్యాన్ గట్టిగా పట్టుకున్నప్పుడు కొన్ని హార్స్‌పవర్లు మింగుతుంది, అది దండగ కాదు, అంత గాలి లాగుతోంది కాబట్టే మింగుతోంది. కారులో కరెంటు ఫ్యాన్ ఎందుకు సరిపోతుందంటే కారు నిండా లోడు పెట్టుకుని 15 స్పీడులో గంటసేపు ఘాట్ రోడ్డు ఎక్కదు కాబట్టి.

నేను శ్రీశైలం రూట్ తిరుగుతా. డ్యాం దాటి ఈగలపెంట, దోమలపెంట వైపు ఎక్కేటప్పుడు సెకండ్ గేర్, ఎదురు గాలి ఉండదు, ఇంజన్ పూర్తి బలం మీద ఉంటుంది, వెనక నుంచి గాలి వీస్తే ఇంకా పాపం. అక్కడ కాపాడేది ఇంజన్‌తో తిరిగే ఫ్యానే. మా ఓనర్ ఇంకో బండికి ఫ్యాన్ తీసేసి రెండు కరెంటువి పెట్టించాడు. ఖాళీగా పోతే ఏ ఇబ్బందీ లేదు, లోడు మీద ఆ ఎక్కుడులో రెండు చోట్ల ఆపి చల్లార్చుకుని పోవాల్సిందే.

డైనమో సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పాత బండికి 45, 65 ఆంపియర్ల డైనమో ఉంటుంది, ఆ నంబర్ పూర్తి స్పీడులో ఉన్నప్పటిది. స్లోలో అందులో సగం వస్తే గొప్ప. రాత్రిపూట టోల్ లైన్‌లో నిలబడ్డారనుకోండి, హెడ్‌లైట్లు రెండూ కలిపి దాదాపు 10 ఆంపియర్లు, ఫ్యాన్లు 40, డైనమో ఇచ్చేది 25. మిగతాది బ్యాటరీలోంచే కదా పోయేది! ఫ్యాన్ బాగా అవసరమైన చోటే డైనమో చేతులెత్తేస్తుంది. మైలేజీ అంటారా, విస్కస్ ఫ్యాన్ మంచిగా ఉంటే హైవే మీద ఎట్లాగూ వదులుగానే తిరుగుతుంది, దాన్ని తీసేస్తే మిగిలేది ఎంతని?

బత్తాయి బండి (నల్లగొండ)

అందరికీ థ్యాంక్స్ అన్నా. పొద్దున క్యాబిన్ లేపి చూశా. రెక్క ఒక్కసారి తోస్తే గిర్రున తిరిగింది, ఆపితేనే ఆగింది. కప్లింగ్ చుట్టూ జిడ్డు కూడా ఉంది. ఆ గుయ్యిమనే మోత ఈ ఎండాకాలం విన్నట్టు నాకు గుర్తులేదు, నేనేమో బండి సౌండ్ తగ్గింది మంచిగైంది అనుకున్నా. ఇంటర్‌కూలర్ సందులోంచి తీసిన పొట్టు ఒక చిన్న బకెట్ నిండింది.

కొత్త కప్లింగ్ చెప్పాను, రేడియేటర్ విప్పి లోపల కూడా కడిగిస్తున్నా. ఇంజన్ ఫ్యాన్ తీయను. కానీ మిల్లు లైన్ కోసం ముందు వైపు ఒక్క కరెంటు ఫ్యాన్ తోడుగా పెట్టుకుంటే ఏమన్నా నష్టమా? హైవే మీద అది గాలికి అడ్డం వస్తుందా?

వైరింగ్ భాయ్ (జడ్చర్ల)

కొంచెం అడ్డమే, అందుకే పెద్దది వద్దు, ఒక్క 12 అంగుళాలది చాలు. ముందు పెట్టేదానికి గాలి వెనక్కి తోసే రకం అడిగి తీసుకోండి. వెనక పెట్టే ఫ్యాన్ తెచ్చి వైర్లు మార్చి తిప్పితే తిరుగుతుంది కానీ రెక్కల వంపు తప్పు దిక్కుకి ఉంటుంది కాబట్టి గాలి సరిగ్గా రాదు. ఒక్కటే కాబట్టి మీ డైనమో మోస్తుంది, లైన్‌లో రాత్రిపూట హెడ్‌లైట్ తగ్గించి పార్కింగ్ లైట్ మీద ఉండండి. పేపర్ పరీక్ష ఈసారి వెనక వైపు చేయాలి, పేపర్ అతుక్కోకుండా ఇంజన్ వైపుకి ఎగరాలి, ఇంజన్ ఆపి, తాళం మాత్రం వేసి, డ్యాష్‌బోర్డ్ స్విచ్ మీద.

షెడ్డు మనిషి (సూర్యాపేట)

కప్లింగ్ తెచ్చాక బిగించే దాకా నిలబెట్టి ఉంచమను, బోర్లా పడుకోబెడితే లోపలి ఆయిల్ కారే ప్రమాదం ఉంది. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడు తమ్మీ, ప్రెషర్ పట్టకపోతే నీళ్లు ముందే మరుగుతాయి. మూత మార్చేటప్పుడు పాతదాని మీద ఎంత నంబర్ ఉందో అదే తీసుకో, 0.9 ఉంటే 0.9.