నెస్ట్ చేసిన షాట్లను జూమ్ చేస్తే స్పష్టత ఎందుకు తగ్గుతోంది?

ప్రశ్న

నమస్కారం. ప్రీమియర్ ప్రో అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఇంటర్వ్యూ ఎడిట్ చేస్తున్నాను. ఫుటేజీ అంతా 3840×2160లో తీసినది, టైమ్‌లైన్ (క్లిప్‌లను వరుసగా పేర్చే చోటు) మాత్రం 1920×1080. కెమెరా కదిలిన కొన్ని షాట్లను నెస్ట్ చేసి, అంటే లోపల మరో చిన్న టైమ్‌లైన్‌లో చుట్టిపెట్టి, కుదుపు తగ్గించే వార్ప్ స్టెబిలైజర్ ఎఫెక్ట్ వేశాను. ముఖం దగ్గరగా కనిపించాలని ఆ నెస్ట్‌ల స్కేల్ (పరిమాణం) 200 శాతానికి పెంచితే కనురెప్పల వెంట్రుకలు అలికినట్టు అవుతున్నాయి. నెస్ట్ చేయని షాట్‌ను అంతే దగ్గరికి తెచ్చినా వెంట్రుకలు విడివిడిగా తెలుస్తున్నాయి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లో కూడా ఇదే తేడా ఉంది. నెస్ట్ చేసిన ప్రతిసారీ వీడియో మళ్లీ కంప్రెస్ అవుతుందా?

మొదటి సమాధానం

కంప్రెస్ కాదండీ. నెస్ట్ చేసినంత మాత్రాన కొత్త ఫైలేదీ తయారు కాదు కాబట్టి, దానివల్ల నాణ్యత తగ్గే ప్రసక్తే లేదు. మీ షాట్ స్పష్టత పోగొట్టుకుంటున్నది ఫ్రేమ్ సైజు దగ్గర. టైమ్‌లైన్‌లోని క్లిప్‌ను నెస్ట్ చేసినప్పుడు పుట్టే కొత్త సీక్వెన్స్ (అంటే ఆ లోపలి టైమ్‌లైన్) బయటి సీక్వెన్స్ సెట్టింగులనే తీసుకుంటుంది, అంటే మీ నెస్ట్ కూడా 1920×1080లోనే ఉంటుంది. లోపల మీ క్లిప్ ఆ ఫ్రేమ్‌లో పట్టడానికి 50 శాతానికి తగ్గి ఉంటుంది కనుక, 82,94,400 పిక్సెళ్ల చిత్రం 20,73,600 పిక్సెళ్లకు కుదించుకుపోయి, ఆ రూపంలోనే బయటికి వస్తుంది. దాన్ని మీరు 200 చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ అసలు క్లిప్ వరకు వెనక్కి వెళ్లదు, ఆ కుదించిన చిత్రాన్నే సాగదీస్తుంది. నెస్ట్‌లో నెస్ట్ పెట్టినా అంతే: దారిలో అన్నిటికంటే చిన్న ఫ్రేమ్ ఎంత వివరాన్ని నిలుపుకుంటే చివరికి అంతే మిగులుతుంది.

రెండో సమాధానం

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఫ్రేమ్ రేటు విషయంలోనూ ఇదే జరుగుతుందని చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని కెమెరా లోపమనుకుంటారు. సెకనుకు 50 ఫ్రేములతో తీసిన క్లిప్‌ను 25 ఫ్రేముల నెస్ట్‌లో పెట్టి, బయట ఆ నెస్ట్ వేగాన్ని సగం చేస్తే, ఉన్న ఫ్రేములే రెండేసిసార్లు కనిపించి కదలిక కుదుపులుగా ఉంటుంది. వేగాన్ని లోపలి క్లిప్ మీదే తగ్గిస్తే మొత్తం 50 ఫ్రేములూ వాడుకలోకి వస్తాయి. ఎక్స్‌పోర్ట్‌లో ‘యూజ్ ప్రివ్యూస్’ పెట్టి ఉంటే, ఎడిటింగ్‌లో చూసుకోవడానికి తక్కువ నాణ్యతతో తయారైన ప్రివ్యూ ఫైళ్లే తుది వీడియోలోకి చేరవచ్చు. మీరు అనుమానించిన కంప్రెషన్ నిజంగా జరిగే చోటు అది, దానికీ నెస్ట్‌కూ సంబంధం లేదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. అయితే నెస్ట్ చేయకుండా వార్ప్ స్టెబిలైజర్ పనిచేయడం లేదు. క్లిప్ కొలతలు సీక్వెన్స్ కొలతలతో సరిపోవాలని సందేశం వస్తోంది. నెస్ట్‌ను ఉంచుకుంటూనే స్పష్టతను కాపాడుకునే మార్గముందా?

మొదటి సమాధానమిచ్చినవారు

ఉందండీ. నెస్ట్‌ను తెరిచి, సీక్వెన్స్ సెట్టింగుల్లో ఫ్రేమ్ సైజును 3840×2160 చేయండి. లోపలి క్లిప్ స్కేల్‌ను 50 నుంచి 100కి మార్చండి. ఇప్పుడు రెండు కొలతలూ సమానం కాబట్టి, బయట నెస్ట్ మీదున్న స్టెబిలైజర్‌ను తీసేసి లోపలి క్లిప్‌కే వేయవచ్చు. తర్వాత బయటి టైమ్‌లైన్‌లో షాట్ మొత్తం కనిపించాలంటే నెస్ట్ స్కేల్ 50, మీరు కోరిన దగ్గరి షాట్‌కైతే 100 పెట్టండి. 100 దగ్గర అసలు పిక్సెల్ ఒక్కొక్కటీ తెరపై ఒక్కో పిక్సెల్‌గా కనిపిస్తుంది, సాగదీయాల్సిన అవసరమే రాదు. లోపలి క్లిప్‌కు ‘స్కేల్ టు ఫ్రేమ్ సైజ్’ ఎంచుకుని ఉంటే దాన్ని తీసేయండి. ‘సెట్ టు ఫ్రేమ్ సైజ్’ స్కేల్ అంకెను మాత్రమే మారుస్తుంది, కానీ ‘స్కేల్ టు ఫ్రేమ్ సైజ్’ చిత్రాన్నే సీక్వెన్స్ కొలతకు కుదిస్తుంది.

మూడో సమాధానం

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రీకాంప్‌కు (అక్కడ నెస్ట్ లాంటిది) ‘కొలాప్స్ ట్రాన్స్‌ఫర్మేషన్స్’ స్విచ్ ఉంది. అది వేస్తే లోపలి స్కేల్, బయటి స్కేల్ కలిపి ఒకేసారి లెక్కించబడతాయి కాబట్టి ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. ప్రీమియర్‌లో సరిచేసిన తర్వాత కంటితో చూసి సరిపెట్టుకోకుండా ఇలా పరీక్షించండి: స్టెబిలైజర్‌ను కాసేపు ఆపి, నెస్ట్ చేయని అసలు క్లిప్‌ను కింది ట్రాక్‌లో అదే ఫ్రేమ్ దగ్గర, అదే పరిమాణంలో పెట్టి, పైనున్న నెస్ట్ బ్లెండ్ మోడ్‌ను (కింది చిత్రంతో కలిసే పద్ధతిని) రెండింటి తేడానే చూపే ‘డిఫరెన్స్’ చేయండి. తెర అంతా నల్లగా మారితే రెండూ ఒకటే. కనురెప్పల అంచుల వెంట సన్నటి గీతలు మిగిలితే లోపల ఎక్కడో స్కేల్ ఇంకా తగ్గి ఉందని అర్థం.