ఇవి మోరెల్ పుట్టగొడుగులేనా?

అడవిలో నడుస్తుంటే ఎండిన చెట్టు కింద ఓ పది కనిపించాయి. తల ముడతలుముడతలుగా, ఎర్రటి గోధుమ రంగులో ఉంది, ఫొటోల్లో చూసిన మోరెల్‌లాగే అనిపించి తెచ్చేశాను గానీ, ఇప్పుడు వండాలంటే టెన్షన్‌గా ఉంది. ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1:
ఒకదాన్ని తలనుంచి కాడ చివరిదాకా నిలువునా కోసి చూడండి. అసలు మోరెల్ అయితే లోపలంతా ఒకే ఖాళీ గొట్టంలా ఉంటుంది, బయట తేనెపట్టులా గుంటలుంటాయి. మీరు చెప్పిన ముడతలు మెదడులా మెలికలు తిరిగి, లోపల గదులు గదులుగా ఉంటే అది మోరెల్‌లా కనిపించే జైరోమిట్రా అనే వేరే పుట్టగొడుగు కావచ్చు. దాన్లో జైరోమిట్రిన్ అనే విషం ఉంటుంది, ఒంట్లోకి వెళ్లాక రాకెట్ ఇంధనంగా వాడే మోనోమిథైల్ హైడ్రజీన్‌గా మారుతుంది. తిన్న వెంటనే ఏమీ తెలియదు, సాధారణంగా 6 నుంచి 12 గంటలకు వాంతులు మొదలవుతాయి, ముదిరితే కాలేయం దెబ్బతింటుంది.

జవాబు 2:
వెర్పా అనే ఇంకో పుట్టగొడుగు కూడా మోరెల్‌లా కనిపించి మోసం చేస్తుంది. దాని తల కాడ కొసకు మాత్రమే అతుక్కుని, గంటలా వేలాడుతుంది, కాడ లోపల దూదిలాంటిది ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
కోశాను. లోపల గదులే. రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోస్తే సరిపోతుందా?

జవాబు 1:
వద్దండీ! విషం పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు, పైగా ఆ ఆవిరి పీల్చినా ప్రమాదమే. పారేయండి. అసలు మోరెల్‌నైనా పచ్చిగా తినకూడదు, బాగా ఉడకాలి.